ఏ దారిన సరుకొస్తే ఆ దారిన సబ్బు

చోడవరం నుంచి కె.కోటపాడు వెళ్ళే దారిలో చెరకు తోటలుంటాయంటే ఈ ప్రాంతం వాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. చోడవరం దగ్గరే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, కాస్త దూరంలో అనకాపల్లి బెల్లం మార్కెట్టు. ఆ బెల్లం సబ్బులోకి కూడా వెళ్తుందని మాత్రం నాకు కె.కోటపాడులోనే తెలిసింది. 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా విడిపోయినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఈ మండలంలో, ఇంటి పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని సబ్బులు చేస్తున్న ఒక పెద్దామెను చూడ్డానికి వెళ్ళాను. పేరు రాయనంటేనే మాట్లాడతానంది. సరేనన్నాను.

షెడ్డులో ముందు కనిపించేది తూకం మిషను. ఆ తర్వాత స్టీలు గిన్నెలు, చెక్క అచ్చులు, వెదురు తడకల మీద ఆరుతున్న రకరకాల సబ్బులు. అల్యూమినియం గిన్నె ఒక్కటీ లేదు. సబ్బుకు వాడే కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోనిదే తనతో పనిచేసే డ్వాక్రా సంఘం ఆడవాళ్ళెవరినీ ఆమె గిన్నె దగ్గరికి రానివ్వదు. “కాస్టిక్కుని నీళ్ళలో ఎయ్యాలి బాబూ. నీళ్ళట్టుకెళ్ళి కాస్టిక్కులో పోసేరంటే మొహం మీదకి సిమ్ముద్ది” అంది. లెక్క ఆమెకు నోటికొచ్చు. కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారడానికి దాదాపు 183 గ్రాముల కాస్టిక్ కావాలి. ఆమె 174 దగ్గరే ఆపుతుంది. నూటికి ఐదు వంతుల నూనె సబ్బులో మిగిలిపోతే ఒళ్ళు పొడిబారదు. ఆముదం లాంటి మరో నూనె కలిపితే దాని లెక్క వేరు. గిన్నెలోని మిశ్రమం మీద గరిటెతో గీసిన గీత నిలిచిందంటే అచ్చులో పోసే సమయం వచ్చినట్టు. మర్నాడు కోసి, కనీసం నాలుగు వారాలు ఆరబెట్టాలి.

ఇన్ని రకాలు ఎలా పుట్టాయని అడిగితే ఊళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోయింది. కోనసీమలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు అంబాజీపేట కొబ్బరినూనె చూసింది. మాడుగుల మీదుగా ఘాటెక్కి పాడేరు సంతకు పోయినప్పుడు పసుపు తెచ్చుకుంది. సబ్బులో వేస్తే మొదట ఎర్రగా తిరిగి భయపెట్టిందట. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడడం పారాణి కలిపే ప్రతి ఇంటికీ తెలిసిందే. అరకులో కాఫీ తాగి పిప్పిని పారబోయకుండా ఎండబెట్టి తెచ్చింది. పొలం పనిచేసి వచ్చిన చేతులకు అంటిన జిడ్డును ఆ గరుకు బాగా వదిలిస్తుంది. బెల్లం నీళ్ళు కలిపితే నురగ పెరుగుతుంది, కాకపోతే గిన్నె బాగా వేడెక్కి సబ్బు రంగు ముదురుతుంది. కుంకుడుకాయ జోలికి ఆమె పోలేదు. దానికి కాస్టిక్కే అక్కర్లేదు, సాపోనిన్ల వల్ల తనంతట తనే నురగొస్తుంది.

బస్సు యాత్రలో బెంగళూరు వెళ్ళినప్పుడు విన్న కథ ఆమెకు బాగా పట్టింది. మైసూరు మహారాజుకు విదేశీ అతిథులెవరో గంధం నూనెతో చేసిన సబ్బులు బహూకరించారట. మన గంధం దేశాలు దాటి సబ్బై తిరిగి రావడమేమిటని ఆయనకు తోచిందని చెప్తారు. 1916లో మైసూరులో గంధం నూనె ఫ్యాక్టరీ వచ్చింది. సోసలె గరళపురి శాస్త్రిని ఇంగ్లండు పంపి సబ్బు విద్య నేర్పించారు. 1918లో మైసూర్ శాండల్ సబ్బు బయటికొచ్చింది. “మరి పాడేరు పసుపు నా కాడికొచ్చి సబ్బైపోతే, పాడేరుకి ఏటెల్తంది?” అని ఆమె ప్రశ్న.

ఆ ప్రశ్నలోంచే దానం మొదలైంది. ఏ దారిన సరుకొచ్చిందో ఆ దారినే పది సబ్బుల్లో ఒకటి తిరిగి వెళ్తుంది. గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో ఒక ఆడపిల్లల హాస్టలుకు, దారిలోని బళ్ళకు, అంగన్‌వాడీలకు ఇస్తుంది. అచ్చు విరిగినవీ, వాసన పోయినవీ ఇవ్వదు. అమ్మే తడక మీదివే ఇస్తుంది.

ప్రపంచంలో ఇలాంటి కథ ఇంకొకటుంది. ఉగాండాలో సబ్బులు చేసే ఇంట పుట్టిన డెరెక్ కయోంగో అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియా హోటల్లో దిగాడు. ఒక్కసారి వాడిన సబ్బును మర్నాడు తీసి పారేయడం చూశాడు. 2009లో అట్లాంటాలో గ్లోబల్ సోప్ ప్రాజెక్ట్ పెట్టి, హోటళ్ళు పారేసే సబ్బును శుద్ధిచేసి, కొత్త బిళ్ళలుగా పోసి పేద దేశాలకు పంపాడు. ఆ కథ చెబితే ఆమె శ్రద్ధగా విని, “పంపడం సరే బాబూ, అరిగిందో లేదో ఎవరు సూసేరు?” అంది.

ఆమె పద్ధతిలో నాకు గొప్పగా అనిపించింది ఇదే. హాస్టలుకో బడికో వెళ్తే ముందు కుళాయి తిప్పుతుంది. సబ్బును చిన్న ముక్కలుగా కోసి, వలసంచిలో వేసి కుళాయికి వేలాడదీయిస్తుంది. అలాగైతే నీళ్ళలో నాని కరిగిపోదు, ఎవరి జేబులోకీ పోదు. మళ్ళీ నెల వెళ్ళి చూస్తుంది. ఒక బడిలో సబ్బు అరగనేలేదు. కారణం మోటారు చెడిపోవడం. పంచాయతీ వాళ్ళ వెంటపడి నీళ్ళు వచ్చాకే కొత్త సబ్బు ఇచ్చింది. సబ్బుతో చేతులు కడగడం అలవాటైన చోట అతిసారం దాదాపు 30 శాతం తగ్గుతుందని పరిశోధనలు చెప్తున్నాయి. కానీ ఆ ఫలం చేతులు కడిగితేనే దక్కుతుంది, పంచిన లెక్క రాసుకుంటే కాదు. ఏటా అక్టోబరు 15న చేతులు కడిగే దినం పేరిట ఫొటోలు దిగే మనమంతా ఆలోచించాల్సిన మాట ఇది.

ఆమెను చూసి మీకూ స్నానపు సబ్బు తయారుచేసి అమ్మాలనిపిస్తే, దానికి లైసెన్సు ఉండాలి. కొనేవాళ్ళు అట్ట వెనక టీఎఫ్‌ఎం, అంటే కొవ్వు పదార్థం శాతం చూడాలి. 76కు తగ్గకపోతే మొదటి రకం టాయిలెట్ సబ్బు. దానమిచ్చే సబ్బుకు కూడా ఇదే కొలత పెట్టుకోవాలి. మీ ఊరి బడికి సబ్బులివ్వాలనుకుంటే ముందు అక్కడ కుళాయిలో నీళ్ళొస్తున్నాయో లేదో చూడండి. మీ ఇంట్లో మీరు వాడడానికి ఇష్టపడని సబ్బు అక్కడికి తీసుకెళ్ళకండి. ఒకేసారి పెట్టె నిండా ఇచ్చేకన్నా నెలనెలా కొన్ని ఇవ్వండి, ఇచ్చినవి అరిగాయో లేదో వెళ్ళి చూడండి.