పైపు లోపలి జంగు



గత వారం మేము ఒక సాయంత్రమంతా సైకిలు ముందు కూర్చున్నాము. పని చిన్నదే, సీటు పైపు మార్చడం. కాని ఆ పని మమ్మల్ని ఎనిమిది నెలలుగా వెళ్లని ఒక ఇంటికి తీసుకుపోయింది. అందుకే మీతో పంచుకుంటున్నాము.

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల మూడు చోట్లా మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ పని జరిగిందని మీకు తెలుసు. మన పెద్దలను అడగండి, ఆ రోజుల్లో సువార్తికుడంటే కాలినడక, లేదంటే సైకిలు. హ్యాండిల్‌కు ఒక సంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం. మా మామగారు అలా తిరిగిన అట్లాస్ సైకిలే ఇప్పుడు మా దగ్గర ఉంది. ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. అది ప్రపంచ సైకిల్ దినం కూడా. ఇలాంటి సైకిలు మళ్లీ దొరకదని దీన్ని జాగ్రత్తగా చూసుకుంటున్నామని అనుకునేవాళ్లం. పైపైన తుడవడమే జాగ్రత్త అనుకున్నాము.

సీటు కింది పైపు వంగిపోయింది. బోల్టు వదులు చేసినా రాలేదు. సందులో గ్యాసునూనె పోసి రాత్రంతా ఉంచి, పొద్దున సీటును రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ తిప్పితే మెల్లగా కదిలింది. దానితోపాటు ఎర్రటి పొడి రాలింది. పాత పైపు పట్టుకుపోయి అదే సైజుది కొత్తది కొన్నాము. రెండు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. మేము సుత్తి అడిగాము.

షాపు చాచా మా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యగారూ, కొత్త పైపుది తప్పేం లేదు. లోపల జంగు వట్టింది. సాఫ్ జేయకుండ కొట్టి ఎక్కిస్తే ఇరుక్కపోతది, మల్ల రాదు. ఫ్రేమే పాడైతది" అన్నాడు. ఎట్లా శుభ్రం చేయాలో చెప్పి పంపించాడు.

ఇంటికొచ్చి సైకిలు తలకిందులు చేసి తట్టితే గుప్పెడు జంగు రాలింది. ఎన్ని వానలు మందిరం చూరు కింద నిలబడిందో! పైపు పైన చీలిక ఉంటుంది కదా, నీళ్లు అందులోంచే దిగి అడుగున పెడల్ ఇరుసు దగ్గర నిలుస్తాయి. బయట రంగు మాత్రం బాగానే మెరుస్తోంది. కట్టెకు గుడ్డ చుట్టి, గ్యాసునూనెలో ముంచి లోపల తుడిచాము. తర్వాత కట్టెకు ఎమ్రీ పేపరు చుట్టి తిప్పుతూ రుద్దాము. చీలిక అంచున లోపలికి వంగిన ఇనుప ముల్లును ఆకురాయితో సాపు చేశాము. గుడ్డ నల్లగా వచ్చినన్నిసార్లు మార్చాము. చాచా ఇంకొక మాట చెప్పాడు: జంగు పోయాక రుద్దడం ఆపాలి. మంచి ఇనుమును కూడా అరగదీస్తే పైపు వదులై, మనిషి కూర్చోగానే సీటు దిగిపోతుంది. చివరికి పలుచగా గ్రీజు రాసి పెడితే కొత్త పైపు చేతితోనే దిగింది. ఊగలేదు.

ఆ రాత్రి రెండవ దినవృత్తాంతముల గ్రంథం 29వ అధ్యాయం చదివాము. ఆహాజు మందిరపు తలుపులు మూయించాడు. కుమారుడైన హిజ్కియా తన ఏలుబడి మొదటి సంవత్సరం మొదటి నెలలోనే వాటిని తెరిపించాడు. యాజకులు లోపలి భాగంలోకి పోయి అక్కడి అపవిత్రతను ఆవరణంలోకి తెస్తే, లేవీయులు దాన్ని కిద్రోను వాగుకు మోశారు. ఎనిమిది దినాలకు మంటపం దగ్గరికి వచ్చారు, పదహారవ దినాన పని ముగిసింది. బలులు, పాటలు ఆ తర్వాతనే.

అక్కడ మా వేలు ఆగింది. ఎనిమిది నెలల క్రితం ఒక సహోదరుడు మందిరం రేకుల ఖర్చు లెక్క అడిగాడు. అడగడం ఆయన హక్కు. మేము అవమానంగా తీసుకొని, అందరి ముందు కటువుగా జవాబిచ్చాము. ఆయన రావడం మానేశాడు. మేము ఏం చేశాము? ఆయన చూసుకునే పనికి మరొకరిని పెట్టాము, కొత్త ప్రార్థన గుంపు మొదలుపెట్టాము. అది నిలబడకపోతే సంఘస్తులకు ఆసక్తి లేదని ప్రసంగించాము. సుత్తితో కొట్టినట్టే కొట్టాము. గుంపుది తప్పు కాదు, జంగు మా లోపల ఉంది.

మర్నాడు అదే సైకిలు మీద జూరాల కాలువ గట్టు పట్టుకొని ఆయన ఊరికి పోయాము. లెక్కల పుస్తకం సంచిలో పెట్టుకున్నాము. "మీరు అడిగింది న్యాయమే. అందరి ముందు అట్లా మాట్లాడడం మా తప్పు, క్షమించండి" అన్నాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఇంట్లోంచి చాయ్ వచ్చింది. పుస్తకం మాత్రం తీసుకున్నాడు. "చూస్తాను అయ్యగారూ" అన్నాడు. అంతే. ఆదివారం వస్తాడో రాడో మాకు తెలియదు. రమ్మని ఒత్తిడి చేయలేదు. అందరి ముందు అన్న మాటకు అందరి ముందే క్షమాపణ చెప్పాలి కాబట్టి, వచ్చే ఆదివారం ఆయన వచ్చినా రాకపోయినా ప్రభువు బల్లకు ముందు మేము ఆ పని చేస్తాము.

ప్రియులారా, అర్పణ తెచ్చినవాడికి సహోదరుడు జ్ఞాపకమొస్తే అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పాడు. మీకు కూడా ఒక ఇల్లు జ్ఞాపకం వస్తే ఆదివారం లోపల వెళ్లిరండి. ఒప్పుకొని విడిచిపెట్టిన పాపాన్ని పట్టుకొని ఇంకా మిమ్మల్ని మీరు రుద్దుకుంటున్నవారు ఉంటే, ఇక ఆపండి. ప్రభువు క్షమించిన చోట మన ఎమ్రీ పేపరుకు పని లేదు.

ప్రభువా, మా లోపలి గదుల తలుపులు తెరువుము. మేము దాచిన దానిని బయటికి మోసే బలమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.