నోటీసు ఇవ్వకుండా: ఆత్మకూరు, ఉదయగిరి డైరీ

ఏప్రిల్ 12, 2025. ఆత్మకూరు

రెండో శనివారం, కోర్టు లేదు. ఉదయగిరి నుంచి మొదటి బస్సుకే వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు ఒక పెద్దాయన. దుర్గం కింద చెక్క గరిటెలు, స్పూన్లు చేసే ఇంటి మనిషి. గోళ్ల సందుల్లో రంపపు పొట్టు ఇంకా ఉంది. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసిచ్చాడు. అమెరికాలో ఎంఎస్ చదివి ఓపీటీ (చదువయ్యాక పనికిచ్చే అనుమతి) మీద పనిచేస్తున్న కొడుక్కి యూనివర్సిటీ పంపిన మెయిల్. ఊళ్లో నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించుకొచ్చాడు.

నీ సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు రద్దయింది, మేం చేయలేదు, ప్రభుత్వమే చేసింది అని అందులో ఉంది. కారణం ఒక్క వాక్యం: నేర రికార్డుల తనిఖీలో గుర్తించారు, లేదా వీసా రద్దయింది, లేదా రెండూ. ఏది అనేది చెప్పలేదు. ఎప్పటిలోగా జవాబివ్వాలో, ఎవరికివ్వాలో అసలే లేదు.

"వాడేం జేశాడు సామీ? రెండేళ్ల కింద కారు స్పీడుగా తోలాడంట. ఫైను కట్టేశాడంట. దానికేనా?"

ఆ ఫైను కట్టిన రశీదు, కోర్టు కేసు మూసేసినట్టు ఇచ్చే కాగితం, యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం అన్నీ కొడుకు దగ్గర తెప్పించి పెట్టమన్నాను. అక్కడి లాయర్ని ఈరోజే పట్టుకోమన్నాను. నాకు చేతనైంది అంతవరకే.

ఏప్రిల్ 14. అంబేడ్కర్ జయంతి

విగ్రహానికి దండలు వేసి వచ్చాక పాత రాజ్యాంగసభ చర్చలు ముందేసుకున్నాను. 21వ అధికరణలో 'డ్యూ ప్రాసెస్' అన్న మాట ముసాయిదాలోంచి తీసేసి, 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అని పెట్టారు. 1948 డిసెంబర్ 6న సభలో ఆ మార్పును సమర్థిస్తూ మాట్లాడినవాళ్లలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. మన నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన మనిషి. అమెరికాలో జడ్జీలు ఆ రెండు మాటలతో శాసనసభల చట్టాలను ఇష్టమొచ్చినట్టు కొట్టేశారన్నది ఆయన భయం. ఆ రోజుల్లో అది అర్థంలేని భయమేం కాదు. కానీ ఆ సందులోంచి ప్రభుత్వాలు ఎంత దూరం పోగలవో అంబేడ్కర్‌కు తెలుసు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఇప్పటి 22వ అధికరణ ముసాయిదాను తెచ్చి, ముందు జరిగినదానికి ఇది పరిహారమని సభలోనే చెప్పాడు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి అనే రక్షణ అట్లా వచ్చింది.

ఏప్రిల్ 16

ఈరోజు వచ్చిన ఫైలు: చెరువు పోరంబోకులో రెండు సెంట్లలో రేకుల షెడ్డు. తహసీల్దారు 7 నోటీసు ఇచ్చాడు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం అది, తెల్లవాళ్లు చేసింది. మొదట 7వ సెక్షన్ నోటీసు, జవాబు తీసుకోవాలి, ఆ తర్వాతే 6వ సెక్షన్ కింద ఖాళీ చేయించే ఉత్తర్వు, దాని మీద అప్పీలు. 7 నోటీసు సరిగా అందలేదని తేలితే హైకోర్టు ఉత్తర్వునే పక్కన పెడుతుంది. నా క్లయింటుకు ఆ భూమి మీద హక్కు లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఆయన్ని అడగాల్సిందే.

ఏప్రిల్ 19

అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం తమకు అందిన 327 వీసా, సెవిస్ రద్దు కేసులు పరిశీలిస్తే సగం మంది భారతీయులేనట. నిన్న జార్జియాలో ఫెడరల్ జడ్జి విక్టోరియా కాల్వర్ట్ 133 మంది రికార్డులు తాత్కాలికంగా పునరుద్ధరించమన్నారు. పిల్లలు చాలామంది అసలు పేరు పెట్టకుండా, 'జాన్ డో' అని దాఖలు చేస్తున్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది.

ఏప్రిల్ 26

రాత్రి ఉదయగిరి నుంచి ఫోను. "సామీ, మళ్లీ పెట్టేస్తన్నారంటనే! టీవీలో చెప్పినారు." నిజమే. నిన్న ప్రభుత్వ న్యాయవాదే కోర్టులో చెప్పాడు, కొత్త విధానం తయారయ్యేదాకా రికార్డులు తిరిగి పెడుతున్నామని. దేశం నలుమూలలా ఒక్కో జిల్లా కోర్టులో జడ్జీలు ఒకరి తర్వాత ఒకరు ఆపారు కాబట్టే ఈ వెనకడుగు. కేసు వేయని పిల్లలకూ ఆ మేలు అందింది.

మే 1

ఎట్లా రద్దు చేశారో వాషింగ్టన్‌లో జడ్జి అనా రేయెస్ ముందు బయటపడింది. సుమారు 13 లక్షల మంది విద్యార్థుల పేర్లను ఎన్‌సీఐసీ అనే పోలీసు డేటాబేస్‌లో వేసి చూశారు. 6,400 దాకా పేర్లు తగిలాయి. శిక్ష పడిందా, కేసు కొట్టేశారా, అసలు చార్జి పెట్టారా అని విడిగా చూడకుండానే వేల రికార్డులు రద్దు చేశారు. ఆ జడ్జి ముందున్న కేసు టెక్సాస్‌లో చదివే భారతీయ కుర్రాడిది. 2018లో నిర్లక్ష్యపు డ్రైవింగ్ అని రాశారు, తర్వాత కొట్టేశారు. అంతే.

దేశంలోకి ఎవరు రావాలో తేల్చుకునే అధికారం ఏ ప్రభుత్వానికైనా ఉంటుంది. దాన్ని నేను కాదనను. పేరు తగిలిందంటే అది ఆరా మొదలు మాత్రమే. అక్కడితో ఉత్తర్వు వేసేస్తే ఆ అధికారి చేయాల్సిన పని చేయనట్టే.

మే 10. ఉదయగిరి

వేసవి సెలవులు. పెద్దాయన ఇంటికి పోయినప్పుడు పక్కింటామె వచ్చి కూర్చుంది. ఉదయగిరి, వింజమూరు, సీతారాంపురం వైపు ఏ వీధికి పోయినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటి తగులుతుంది. ఈమె ఖద్దామా (ఇంటిపని) వీసా మీద పోయింది. జీతం ఆపేస్తే ఇల్లు విడిచి బయటికి వచ్చింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీలు, పారిపోయిందని రాసిచ్చాడు. అకామా (నివాస అనుమతి) పోయింది. పట్టుకొని, వేలిముద్రలు తీసుకొని, అవుట్‌పాస్ (దేశం వదిలిపోయే తాత్కాలిక పత్రం) మీద విమానం ఎక్కించారు. రావాల్సిన జీతం అక్కడే నిలిచిపోయింది.

"కోర్టు అంటే ఎవురూ అనలా. నన్నేమీ అడగలా."

కువైట్‌లో దేశం నుంచి పంపడం రెండు రకాలు. కోర్టు తీర్పుతో ఒకటి, హోంశాఖ ఉత్తర్వుతో ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. రెడ్ సిగ్నల్ దాటారని 2013లో అక్కడ విదేశీయులను పంపేశారు. అమెరికా పిల్లల మీద మన చానళ్లు రాత్రంతా చర్చ పెడతాయి. ఈమె పేరు మండల కాలమ్‌లో కూడా రాలేదు. కష్టం రెండు చోట్లా ఒకటే. ఆ పిల్లలకు తలుపు తట్టడానికి ఒక కోర్టుంది, ఈమెకు అదీ లేదు.

మే 17

18వ శతాబ్దం చివర, 1798లో చేసిన 'శత్రు విదేశీయుల చట్టం' కింద వెనిజులా వాళ్లను పంపేయబోతుంటే అమెరికా సుప్రీంకోర్టు నిన్న మళ్లీ ఆపింది. ఎట్లా సవాలు చేయాలో చెప్పకుండా, 24 గంటల ముందు చేతిలో పెట్టిన నోటీసు చాలదంది. ముఠా సభ్యులని ప్రభుత్వం అంటున్న మనుషుల విషయంలో ఈ మాట చెప్పడమే దాని బలం.

మే 20

2019 గుర్తొస్తోంది. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అమెరికా అధికారులే ఒక బూటకపు విద్యాసంస్థ పెట్టి, ఆ ఏడాది జనవరి చివర విద్యార్థులను అరెస్టు చేశారు. మొదటి విడతలోనే సుమారు 130 మంది, ఒక్కరు తప్ప అందరూ భారతీయులు, ఎక్కువగా తెలుగు పిల్లలు. తరగతుల్లేవని తెలిసే చేరారన్నది ప్రాసిక్యూషన్ వాదన. కొందరి విషయంలో నిజమే కావచ్చు. కానీ గుర్తింపు ఉన్నట్టు వెబ్‌సైట్‌లో చూపించిందీ, ఏడాదికి 12 వేల డాలర్ల దాకా ఫీజు గుంజుకున్నదీ ప్రభుత్వమే. ఒక విద్యార్థి ఫీజు వెనక్కివ్వమని దావా వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పి, ఈ దావా వినే అధికారం కింది కోర్టుకు ఉందంది. అయిదేళ్లకు, వినడానికి మాత్రమే.

మే 24

సెవిస్ రద్దు కేసుల్లో కాలిఫోర్నియాలో జడ్జి జెఫ్రీ వైట్ దేశమంతటికీ వర్తించేలా ఆదేశం ఇచ్చారు: కేసు నడుస్తున్నంతకాలం ఈ కారణంతో విద్యార్థులను అరెస్టు చేయకూడదు, రికార్డులు రద్దు చేయకూడదు.

జూన్ 8

జూనియర్‌కు పాస్‌పోర్టు కేసులు చెప్పాను. 1967 ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ కేసులో ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు, మన రాజమండ్రి మనిషి, విదేశాలకు పోవడం 21వ అధికరణలోని స్వేచ్ఛలో భాగమని రాశారు. అప్పటికి పాస్‌పోర్టు ఇవ్వడానికి, ఆపడానికి చట్టమే లేదు, అంతా అధికారుల ఇష్టం. ఆ తీర్పు తర్వాతే ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పదేళ్లకు మేనకా గాంధీ పాస్‌పోర్టు లాక్కొని, ప్రజాప్రయోజనం దృష్ట్యా కారణం చెప్పేది లేదన్నారు. 1978 జనవరి 25న సుప్రీంకోర్టు చెప్పింది: చట్టం ఉంటే చాలదు, ఆ పద్ధతి న్యాయంగా ఉండాలి, మనిషి మాట వినాలి. అల్లాడి వద్దన్నది అట్లా వెనక్కి వచ్చింది.

"మరి మన దేశంలో ఉండే విదేశీయుడికో సార్?" అని అడిగాడు కుర్రాడు. సరైన ప్రశ్న. 1955లో హాన్స్ ముల్లర్ కేసులో విదేశీయుణ్ని పంపేసే అధికారానికి హద్దుల్లేవంది మన కోర్టు. మొన్న ఏప్రిల్‌లో వచ్చిన కొత్త వలసల, విదేశీయుల చట్టమూ అధికారుల చేతుల్నే బలపరుస్తోంది. అమెరికాలో మన బిడ్డకు అడిగేది, మన ఊళ్లో ఇంకొకరి బిడ్డకూ అడగాలి.

జూన్ 28

కింది జడ్జీలు దేశమంతటికీ ఆదేశాలివ్వడం తమ అధికారం దాటడమేనని అమెరికా సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. ఆ తీర్పు వచ్చింది పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని కొందరికి ఆపే అధ్యక్షుడి ఉత్తర్వు మీద వేసిన కేసులో. హెచ్-1బీ మీద ఉన్న మన జంటలకు అక్కడ పుట్టే పిల్లలూ ఆ ఉత్తర్వు కిందికి వస్తారు. ఇకమీదట పక్కవాడు వేసిన కేసు నీకు అక్కరకొస్తుందన్న నమ్మకం తగ్గింది.

జూలై 11

న్యూహాంప్‌షైర్‌లో జడ్జి లాప్లాంట్ అట్లాంటి పిల్లలందర్నీ ఒక తరగతిగా గుర్తించి పౌరసత్వ ఉత్తర్వును నిన్న మళ్లీ ఆపారు. ఒక దారి మూస్తే లాయర్లు ఇంకో దారి పట్టారు.

పెద్దాయన వచ్చాడు. కొడుకు రికార్డు తిరిగొచ్చింది, పనిలోకి పోతున్నాడు. కానీ పాస్‌పోర్టులో వీసా రద్దయ్యే ఉంది. కార్తీకంలో చెల్లెలి పెళ్లి. వస్తే మళ్లీ కాన్సులేట్‌లో వీసా అడగాలి. అక్కడ కాదంటే మామూలుగా ఏ కోర్టూ పట్టించుకోదు. రమ్మని నేను చెప్పలేకపోయాను. కేసు మూసేసిన కాగితం సర్టిఫైడ్ కాపీ తీసి పెట్టుకోమని, రెండో సెట్టు ఇక్కడికి పంపించమని మాత్రం చెప్పాను. అబ్బాయి రాకపోయినా ముహూర్తం మార్చేది లేదన్నాడు.