అనధ్యయన దినాల పఠనం



వేదపాఠశాలలో పెరిగినవారికి పుస్తకంతో ఉండే సంబంధం కొంత విచిత్రమైనది. కృష్ణయజుర్వేదంలోని 82 పన్నాలూ గురుముఖతః విని, సంత చెప్పుకొని, ధారణలో నిలుపుకొన్నవే గాని అక్షరాలు చూచి నేర్చినవి కావు. పాణినీయ శిక్ష ఆరుగురు అధమపాఠకులను లెక్కించి, వ్రాసినదానిని చూచి చదివేవానిని కూడ వారిలో చేర్చింది. అందువల్ల చేత పుస్తకం ఉండడం మాకు ధారణాలోపానికి చిహ్నంగానే కనిపించేది. వినోదార్థం చదవడమనే మాట ఆ ప్రాంగణంలో వినబడేదే కాదు.

అయితే ఆ సంప్రదాయమే ఒక అవకాశాన్నీ ఇచ్చింది. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పర్వతిథులు అనధ్యయన దినాలు. ఆనాడు వేదం వల్లించరాదు. అశోకవనంలో కృశించిన సీతమ్మను వాల్మీకి మహర్షి పాడ్యమినాడు చదివేవాని విద్యతో పోల్చాడంటే ఆ నిషేధం ఎంత దృఢమైనదో ఊహించవచ్చు. గత ఉగాదినుండి ఆ రోజులలో, మహానివేదన ముగిసి సాయంకాలం తిరిగి ఆలయద్వారం తెరిచే వరకు ఉండే విరామంలో, వ్రతమూ ఫలశ్రుతీ లేకుండా కేవలం సంతోషార్థం చదవాలని నిర్ణయించుకొన్నాను. సంవత్సరంలో నాలుగు గ్రంథాలు పూర్తయినవి. వాటివల్ల నాకు కలిగిన భావాలను జిజ్ఞాసువులతో పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మొదటిది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ. 1830 మే 18న దాదాపు నూరుమంది పరివారంతో బయలుదేరి, తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం మీదుగా ప్రయాగ, కాశి, గయ చేరి, కలకత్తా, జగన్నాథం చూచుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిపొడుగునా వ్రాసినది స్నేహితులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపేవారు. ఆ పిళ్ళెగారే 1838లో, వీరాస్వామయ్యగారు కీర్తిశేషులైన తరువాత, దానిని అచ్చువేయించారు.

క్షేత్రమాహాత్మ్యాలు చదివిన కంటికి ఈ గ్రంథం ఒక కొత్త లోకం. మాహాత్మ్యం తీర్థఫలాన్ని చెబుతుంది గాని దారి చెప్పదు. వీరాస్వామయ్యగారు దారినే చెబుతారు. ఏ మజిలీలో బావినీరు మంచిది, ఎక్కడ బియ్యం దొరుకుతుంది, ఎక్కడ సత్రం ఉంది, ఏ కనుమ ఎక్కడానికి కష్టం, ఏ క్షేత్రంలో యాత్రికులనుండి ఎంత సుంకం వసూలు చేస్తారు - ఇవన్నీ వరుసగా వస్తాయి. వాటి నడుమ ఒక్కసారిగా జీవేశ్వర విచారం మొదలవుతుంది. అది ముగియగానే మళ్ళీ ఆమడల లెక్క. ఆ రెండింటికీ మధ్య ఆయనకు ఏ గోడా కనిపించలేదు. నాకు మిక్కిలి నచ్చినది అదే.

ప్రతిదినం సంకల్పంలో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకొంటాం. ముప్పది సంవత్సరాలకు పైగా నిత్యమూ ఆ మాట పలుకుతున్నాను. ఈ గ్రంథంలో నల్లమల భాగం చదివిన మరునాటి ఉదయం సంకల్పం చెబుతుండగా ఆ దిక్కులో నిజంగా ఒక అడవి, ఒక కాలిబాట, పల్లకి మోసే బోయీల అలసట మనస్సుకు తోచాయి. మంత్రం మారలేదు. దానికింద నేల మాత్రం తగిలింది.

రెండవది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి స్వీయచరిత్ర, అనుభవాలూ జ్ఞాపకాలూను. 1891లో గోదావరి మండలంలోని పొలమూరులో, వేదవేత్తల వంశంలో జన్మించినవారు శాస్త్రిగారు. పెద్దలు ఆశించినది సంస్కృతవిద్య, వంశాచారం. ఆయనను లాగుకొన్నది తెలుగు. ఆ రెండింటి నడుమ జరిగిన ఆకర్షణ ఈ గ్రంథానికి ప్రాణం.

ఈ పుస్తకాన్ని నేను నిర్లిప్తంగా చదవలేదు. నాలుగు తరాలుగా మా ఇంట అర్చకత్వం ఉంది. మా చిన్నవాడు సంహిత ముగించి, ఇక పాఠశాలకు వెళ్ళనని, కళాశాలలో చేరుతానని చెప్పిన సంవత్సరం ఇదే. ఆ స్థితిలో శాస్త్రిగారి బాల్యాన్ని చదువుతుంటే, ఒక పుటలో నేను తండ్రిని, మరొక పుటలో ఆ బాలుడిని. వైదికవృత్తినిగురించి ఆయన అన్న మాటలు కొన్ని గుచ్చుకొన్నాయి. కాని ఆయన వచనాన్ని బిగ్గరగా చదివి చూస్తే మరొక సంగతి తెలిసింది. ఆ వాక్యాలలో ఒక్క అక్షరం అజాగ్రత్తగా పడదు. ఊపిరి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. స్వరశుద్ధి నిత్యం వినబడే ఇంట పెరిగిన చెవి అది. ఆయన వేదమార్గాన్ని విడిచారు, ఆ చెవి మాత్రం ఆయనను విడువలేదు.

దీనితో నాకు పూర్తి సమాధానం దొరికిందని చెప్పను. మంచి వచనం ఎంత గొప్పదైనా, ఒక ఇంట తెగిన అధ్యయనపరంపరను అది తిరిగి అతికించలేదు. చెవి మిగలడం వేరు, వేదం మిగలడం వేరు. ఈ రెండూ నిజమే, ఒకటి మరొకదానిని రద్దు చేయదు. చదవడం ముగించి గ్రంథాన్ని మావాడి చేతికిచ్చాను. దీపావళికి వచ్చినప్పుడు వాడు అడిగాడు: "నాన్నగారూ, వాళ్ళ నాన్నగారి పక్షం ఇందులో ఎంత ఉందంటారు?" "కొడుకు కలంలో పట్టినంత ఉంది నాయనా" అన్నాను. ఇద్దరమూ నవ్వుకొన్నాం. ఆ విషయమై మా ఇంట్లో నవ్వు వినిపించడం అదే ప్రథమం.

మూడవది విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని అడివి బాపిరాజుగారి నారాయణరావుతో పంచుకొన్న నవల. యౌవనంలో చదివినప్పుడు సుబ్బన్నపేటలో ఒక్కొక్క పడగా రాలిపోవడమే నా కంటబడింది. ఈమారు మిగిలినదేమిటని చూచాను. కోటా ఆలయవైభవమూ క్షీణించినా, గ్రంథకర్త తన విశ్వాసాన్ని ధర్మారావు అరుంధతుల దాంపత్యధర్మంలో నిలిపాడు. గర్భాలయంలో నిలబడేవానికి అది కొంత కఠినమైన ఓదార్పే. చర్చలు దీర్ఘమైనచోట పుటలు త్వరగా తిప్పాను. పారాయణలో లేని ఆ స్వాతంత్ర్యం సంతోషార్థ పఠనంలో ఉంది.

నాలుగవది సూరి నాగమ్మగారి శ్రీ రమణాశ్రమ లేఖలు. బాల్యంలోనే వైధవ్యం పొంది, అనంతరం అరుణాచలం చేరిన ఆ తల్లి 1945నుండి తన అన్నగారికి వ్రాసిన ఉత్తరాలివి. వేదాంతపరిభాష వీటిలో తక్కువ. ఎవరు వచ్చారు, ఏమడిగారు, భగవాన్ ఏమన్నారు, ఎప్పుడు మౌనం వహించారు - ఇంతే. గోమాత లక్ష్మి దేహత్యాగాన్ని వర్ణించిన లేఖ వద్ద చాలాసేపు ఆగిపోయాను. అంత్యసమయంలో భగవాన్ ఆ గోవు చెంత కూర్చుండి శిరస్సుపై చేయి ఉంచారు. పిమ్మట సమాధికై తామే పద్యం రచించి, సర్వధారి నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి, శుక్రవారం, విశాఖా నక్షత్రమని అందులో పేర్కొన్నారు. ఎందరికో తిథివార నక్షత్రాలు చూచి కర్మ చేయించిన నాకు, ఒక పశువు నిర్యాణానికి అంతటి శ్రద్ధతో తిథి గుర్తించడం చూచి కన్నులు చెమర్చాయి. సర్వభూతాలలో ఆత్మను దర్శించడమంటే అర్థాన్ని ఎన్నోమార్లు ఉపన్యసించాను. ఇక్కడ దానిని తేదీతో సహా చదివాను.

తైత్తిరీయం బ్రహ్మమును రసస్వరూపమని ప్రతిపాదించింది. ఆలంకారికులు కావ్యానందాన్ని బ్రహ్మానందానికి సహోదరమన్నారే గాని అదే ఇదని అనలేదు. ఆ భేదాన్ని గుర్తుంచుకోవలసినదే. గ్రంథపఠనం ఉపాసన కాదు, స్వాధ్యాయానికి ప్రత్యామ్నాయమూ కాదు. కాని ఫలాపేక్ష లేకుండా ఒక మంచి పుస్తకంతో కూర్చున్నప్పుడు మనస్సు తన వాదాన్ని కొంతసేపు పక్కన పెట్టి పరుల మాట వింటుంది. శ్రవణానికి అది చిన్న అభ్యాసమే. సాధకులైనవారు పక్షానికి ఒక్క అనధ్యయన దినమైనా ఇట్లు వినియోగించి చూడవలసినదని నా మనవి.

రాబోయే పాడ్యమికి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి కథలు గాథలు సిద్ధంగా ఉంది. హైదరాబాదునుండి చిన్నవాడు పంపించాడు.

స్వస్తి.