నరసాపురం లేసు

పాలకొల్లు నుండి నరసాపురం వెళ్ళే దారిలో ఊరూరా మేము చూసిన దృశ్యం ఒకటే. వంటపని ముగించుకొన్న స్త్రీలు అరుగుల మీద కూర్చుండి కొక్కెపు సూదితో నూలుదారం అల్లుతున్నారు.

1844 ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీలైన మెక్రే దంపతులు ఇక్కడి పేద స్త్రీలకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. వేరొకరు వాటిని కలుపుతారు, అది అతుకుపని. అన్నీ కలిస్తే విదేశాలకు వెళ్ళే బల్లగుడ్డ అవుతుంది. పువ్వు అల్లిన ఆమె ఆ గుడ్డ పరచిన బల్లను ఎన్నడూ చూడదు. అయినా ముడి వదులు కానివ్వదు.

ప్రియ చదువరులారా, యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పేతురుకు చూపి ఏడ్చారు (అపొ. కార్య. 9వ అధ్యాయం). ఆమె ప్రసంగించినట్లు అక్కడ వ్రాయబడలేదు. ఆమె సూదిపనియే ఆమె సాక్ష్యం.

అయితే మరొక మాట చెప్పక తప్పదు. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో ఈ స్త్రీలను గూర్చి ఒక పుస్తకం ప్రచురించారు. రోజుకు 6 నుండి 8 గంటలు అల్లినా, వారిని తీరిక వేళ ఏదో చేసుకొనే గృహిణులుగానే ఎంచి, బహు స్వల్పమైన కూలి ఇచ్చేవారని అందులో తెలిపారు. భక్తితో చేసే పని గనుక తక్కువ ఇచ్చినా చాలుననడం అన్యాయం. కూలి బిగపట్టిన ధనవంతులను యాకోబు తన పత్రికలో గట్టిగా హెచ్చరించాడు.

అల్లే చేయి ప్రభువు కొరకు అల్లును గాక! కొనే చేయి ప్రభువుకు లెక్క చెప్పవలసియున్నదని ఎరిగి కూలి చెల్లించును గాక!