వాడకు ఒక కంప్యూటర్: ఏది కొన్నం, ఏది ఆపినం

“అందరి చేతుల్ల ఫోన్లున్నయి గదా, మళ్ల మీ వాడకు కంప్యూటర్ ఎందుకురా?”

చిట్యాలలో మా పిల్లలు చందాకు తిరిగినప్పుడు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఇట్లనే అడిగిన్రు. చందా ఇయ్యొద్దనుకున్నోళ్లకు ఏదో ఒక మాట కావాలె, అది వేరే ముచ్చట. ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాల్సిందే. ఫోన్ చూసేటందుకు మంచిగనే ఉంటది. ఎనభై పేజీల ప్రాజెక్టు దాంట్లో టైపు చేసి, ఫుట్‌నోట్లు పెట్టి, మూడుసార్లు దిద్ది చూడున్రి, నేనేం చెప్తున్ననో తెలుస్తది.

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం హన్మకొండలో ఒక డీటీపీ సెంటర్‌లో కొట్టించిన. పేజీకి ఇంత అని లెక్క. అందులో మా అవ్వ చెప్పిన మాటలు అట్లనే పెట్టిన: “అచ్చిన్రు”, “పోయిండ్రు”, “గట్లనే”. ప్రూఫు చేతికొచ్చేసరికి అవన్నీ “వచ్చారు”, “వెళ్ళారు”, “అలాగే” అయినయి. ఆపరేటర్ చెడ్డోడేం కాదు. “తప్పులున్నయి సార్, నేనే దిద్దిన” అని సంబురంగ చెప్పిండు. మళ్ల మా అవ్వ మాటలు మా అవ్వకు ఇప్పించేటందుకు పేజీకి ఇంత అని ఇంకోసారి కట్టిన. పైగా అది అను ఫాంట్లలో కొట్టిన ఫైలు, యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. వెతికితే ఒక్క పదం దొరకదు. బాబాసాహెబ్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ తెచ్చినప్పుడు, పైసలిస్తమన్నా ‘కేసరి’ దాని ప్రకటన వెయ్యలేదు. అచ్చు వేరేవాళ్ల చేతిలో ఉన్నంతకాలం గిట్లనే ఉంటది.

అందుకే సామాను లిస్టు రాసేకంటే ముందు పని లిస్టు రాసినం. యూనికోడ్‌లో తెలుగు టైపింగ్. మనోళ్లు వేసిన చిన్న పత్రికలు, కరపత్రాలు స్కాన్ చేసుడు. టెసరాక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు అచ్చును గుర్తుపట్టి అక్షరాలుగ మారుస్తది. తప్పులొస్తయి, కూసోని దిద్దాలె. మూడోది, డక్కలి, చిందు కళాకారుల నోట జాంబ పురాణం రికార్డు చేసి ఎడిట్ చేసుడు. ఈ మూడు పనుల్లో ఏ ఒక్కదానికీ వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోతే మొదటి ప్రశ్నే “ఏ గేమ్ ఆడ్తరు?” అని. పని లిస్టు జేబులో లేకుంటే ఆ ప్రశ్నకే సగం పైసలు పోతయి.

మా దగ్గర ముప్పై వేలు. మానిటర్ ఒక మిత్రుడు తన పాతది ఇచ్చిండు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత మిషన్లు చవుక గదా అని కొందరన్నరు, నిజమే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆగింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. అయినా లినక్స్ వేసుకుంటే అవి హాయిగ నడుస్తయి. ఒక్క విద్యార్థికైతే అదే కొనుక్కోమంట. కానీ వాటిలో చాలావాటికి ఎస్ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ కొలతలకే ఉంటయి. కాలిపోతే పరకాలలో దొరకది, హన్మకొండలో కూడా కష్టమే. పదిమంది వాడేదానికి, విప్పి మళ్ల బిగించుకునేది కావాలె.

ప్రాసెసర్ పేరు చివర ఒక అక్షరం ఉంటది, దాన్ని చూడున్రి. ఇంటెల్ ఐ3-12100 లోపల్నే గ్రాఫిక్స్ ఉంటది. 12100ఎఫ్ కొంచెం చవుక, కానీ దాంట్లో ఉండదు. బొమ్మ రావాలంటే కార్డు కొనాలె. మేం ఏఎండీ రైజెన్ 5 5600జీ తీసుకున్నం. ఆరు కోర్లు, లోపల్నే గ్రాఫిక్స్, పెట్టెలోనే ఫ్యాన్. దానికి సరిపోయే ఏఎం4 బోర్డులు, డీడీఆర్4 ర్యామ్ పాతవి కూడా బజార్లో తిరుగుతనే ఉంటయి.

దెబ్బ తగిలింది ర్యామ్ దగ్గర. ఏఐ డేటా సెంటర్ల కోసం పెద్ద కంపెనీలు మెమరీ చిప్పులు ఎగబడి కొంటుంటే 2025 చివర్ల నుంచి ధరలు మండినయి. ఎక్కడో అమెరికాల కట్టే గోదాముకు చిట్యాల చందా పుస్తకం కూడా వాటా ఇచ్చింది! లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటది కాబట్టి 8 జీబీవి రెండు ఉంటే బాగుండు. ఒకటే కొన్నం. రెండో గడి ఖాళీగ ఉంది. ఎస్ఎస్‌డీ 500 జీబీ.

తర్వాత కలుపుకోగలిగిన దాని దగ్గర తగ్గినం గానీ ఎస్ఎంపీఎస్ దగ్గర తగ్గలేదు. క్యాబినెట్‌తో ఉచితంగ వచ్చే పేరులేని డబ్బా వద్దన్నం, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది కొన్నం. మా జిల్లాలోనే చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నది. మా వాడలో మాత్రం సాయంత్రం ఫ్యాను ఎప్పుడు గిర్రున తిరుగుతదో, ఎప్పుడు మూలుగుతదో చెప్పలేం. నేను చూసిన ఇండ్లలో ప్లగ్గుకు మూడో రంధ్రం ఉంటది, దానికి వైరు ఉండదు. అందుకే మొదటి ఖర్చు కంప్యూటర్ మీద కాదు, గుంత మీద: బొగ్గు, ఉప్పు, పైపు, ఎర్త్ వైరు.

బిగించింది పిల్లలే. డిగ్రీ చదివే ఒక చెల్లె ప్రాసెసర్ మూలకున్న బంగారు త్రిభుజాన్ని సాకెట్ గుర్తుతో కలిపి, ఒత్తకుంట జారవిడిచి, లివర్ దించింది. ఆమె చదివిన కాలేజీ ల్యాబ్‌లో “ముట్టుకోరాదు” అని బోర్డు ఉండేదట. ఆ మాట చెప్పుకుంట నవ్వింది. మేమూ నవ్వినం. మనకు కొత్త మాటనా అది?

ఇప్పుడు లినక్స్, లిబ్రె ఆఫీస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నడుస్తున్నయి. యూపీఎస్ ఇంకా కొనలేదు, కరెంటు పోతే రాసింది పోతది, అందుకే ప్రతి పేరాకు సేవ్ నొక్కుమని గోడకు రాసి పెట్టినం. ఎవరి దగ్గరన్న డీడీఆర్4 8 జీబీ ర్యామ్ ఖాళీగ ఉంటే చెప్పున్రి. ల్యాప్‌టాప్‌ది కాదు, డెస్క్‌టాప్‌ది. జై భీమ్.