మేనమామ సంచి

పిల్లలకు పండుగ బహుమతి కొనడమంత సులువైన పని మరొకటి లేదనుకునేవారు సాధారణంగా అయిదేళ్ళలోపు పిల్లలున్నవారు. ఆ వయస్సులో బిడ్డకు ఏది ఇచ్చినా వింతే. బొమ్మను పక్కన పడవేసి, అది వచ్చిన అట్టపెట్టెలో దూరి కూర్చునే పసివాళ్ళను మీరూ చూసే ఉంటారు. అసలు చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఏడాదికేడాది వస్తువు చిన్నదవుతుంది, వెల పెరుగుతుంది, ఇచ్చేవారి ధైర్యం సన్నగిల్లుతుంది. చివరకు ఒక కవరులో నాలుగు నోట్లు పెట్టి, "నీకు నచ్చినది కొనుక్కో" అని చేతికిచ్చే దశ వస్తుంది. కవరు ఇవ్వడంలో తప్పేమీ లేదు. కాని, ఈ పిల్లవాడికి ఏది ఇష్టమో నాకిక తెలియదు అన్న మాట ఆ కవరు మీద కనిపించకుండా రాసి ఉన్నదని నాకు తోస్తుంది.

మన వైపు మేనమామకు ఈ బాధ్యత నుంచి తప్పించుకునే వీలు లేదు. పుట్టువెంట్రుకలు మొదలు పెళ్ళిపీటల దాకా ప్రతి శుభకార్యంలోను అతనికొక పని, దానితోపాటు ఒక ఖర్చు కేటాయించి పెట్టారు పెద్దలు. నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ఉండేవాణ్ణి. నాకు ఒక్కతే చెల్లెలు, తెనాలిలో కాపురం. ప్యాసింజరు రైలులో గంట ప్రయాణం. ఏటా భోగికి ముందురోజు సాయంత్రం ఒక గుడ్డసంచి భుజానికి తగిలించుకుని ఆ ఇంటి గుమ్మంలో దిగడం నా ఆనవాయితీ. మేనల్లుడు 1984లో పుట్టాడు, మేనకోడలు 1988లో. వాళ్ళిద్దరూ నా ముఖం కంటె ముందు సంచి వంక చూసేవారు. అందుకు నేనెన్నడూ నొచ్చుకోలేదు. మేనమామ ముఖం ఏటేటా అదే. సంచిలోని వస్తువు మాత్రం కొత్తది గదా!

విజయవాడలో ఉన్నవాడికి బొమ్మల కోసం వెతుక్కోవలసిన పని లేదు. కొండపల్లి పాతిక కిలోమీటర్ల లోపే ఉన్నది. అక్కడివారు తెల్లపొణికి కర్రతో చెక్కే ఏనుగు అంబారీలు, ఎడ్లబండ్లు, తాటిచెట్టెక్కే గీతగాడు చూడటానికి ఎంత ముద్దుగా ఉంటాయో, పసివాళ్ళ చేతిలో అంత త్వరగా విరుగుతాయి. కాళ్ళు, చేతులు, కొమ్ములు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఆ కర్రకు బరువే ఉండదు. అవి కొలువులో కూర్చోబెట్టవలసిన బొమ్మలే గాని, నేలమీద ఈడ్చవలసినవి కావు. ఈడ్చేందుకూ తిప్పేందుకూ ఏటికొప్పాక బొమ్మలున్నాయి. ఇప్పటి అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఆ ఊరివారు అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, లక్కరంగు పూస్తారు. బొంగరాలు, గిలకలు, లక్కపిడతలు. గుండ్రంగా, నున్నగా, అంచులు లేకుండా ఉంటాయి. లక్కపిడతలు ఆడపిల్లకేనని ఎవరు నిర్ణయించారో గాని, మా చెల్లెలింట్లో వాటితో ఎక్కువగా వంట చేసినవాడు మేనల్లుడే.

ఆ వయస్సులో పిల్లలకు వెల తెలియదు. పరిమాణం మాత్రం తెలుస్తుంది. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే పిల్లల ఎదుట వెడల్పు గ్లాసులోని నీటిని సన్నని పొడుగు గ్లాసులోకి వంపి, ఎందులో ఎక్కువ ఉన్నాయని అడిగేవాడు. ఏడేళ్ళు నిండని పిల్లలు చాలామంది పొడుగు గ్లాసులోనే ఎక్కువ ఉన్నాయనేవారు. మా వాడికి అయిదో ఏట నేను ఖరీదయిన చిన్న ఇనుప మోటారుకారు ఒకటి, రంగు రంగుల పెద్ద రబ్బరు బంతి ఒకటి తీసుకుపోతే, వాడు బంతిని గుండెలకు హత్తుకుని, కారును చెల్లెలి ఉయ్యాలలో పడవేశాడు. బంతి వెల కారు వెలలో పదోవంతు. మేనమామలకు అది బంగారు కాలం.

1992 వర్షాకాలంలో చెల్లెలి భర్త పోయాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్ళు, పిల్లకు నాలుగు. ఏడాదిపాటు ఆ ఇంట పండుగ లేదు. కొత్తబట్టలు కూడదు, బొమ్మలు తెస్తే చూసేవారు ఏమంటారో! అప్పుడు నాకు పుస్తకాలు అక్కరకు వచ్చాయి. పుస్తకాన్ని పండుగ వస్తువుగా ఎవరూ లెక్కవేయరు. విజయవాడలో 1989 నుంచి జనవరి మొదటి రోజులలో పుస్తక ప్రదర్శన జరుగుతూ వస్తున్నది. చాలా ఏళ్ళు అది స్వరాజ్య మైదానంలో జరిగింది. 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేద్కరు విగ్రహం నిలిచిన చోటు అదే. సంక్రాంతికి రెండు మూడు రోజుల ముందు ముగిసే ఆ ప్రదర్శన మేనమామల కోసమే పెట్టారా అనిపించేది. మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పిల్లల పుస్తకాలు, దళసరి కాగితం, మంచి రంగులు, నమ్మలేనంత చౌక. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయిన తరువాత కొత్తవి రావడం ఆగిపోయింది. మిగిలిన ప్రతులే అమ్ముతూ ఉండేవారు. నాలుగు కొని 1993 సంక్రాంతికి తీసుకుపోయాను. మేనల్లుడి పేర చందమామకు ఏడాది చందా కూడా కట్టాను.

ఆ చందా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఇచ్చినవాటిలో అంత కాలం నిలిచిన బహుమతి మరొకటి లేదు. నెలనెలా తపాలా బంట్రోతు గుమ్మంలో నిలబడి, తొమ్మిదేళ్ళ పిల్లవాడిని ఇంటిపేరుతో సహా పిలిచి పత్రిక చేతికిచ్చేవాడు. అంతవరకు ఆ ఇంటికి వచ్చే ఉత్తరాలన్నీ వాడి తండ్రి పేరనో, ఆయన పోయిన తరువాత పింఛను కాగితాలుగా చెల్లెలి పేరనో వచ్చేవి. తన పేరున్న చిరునామా చీటీలను వాడు చించకుండా తీసి దాచుకున్నాడట. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. దాని స్థానంలో ఏది ఇవ్వాలో, పిల్లల పేర నెలనెలా ఏది గుమ్మంలోకి వస్తుందో నాకు తోచడం లేదు.

తరువాతి నాలుగైదేళ్ళు త్వరగా గడిచిపోయాయి. చదరంగం, క్యారం బోర్డు, జామెట్రీ పెట్టె, పిల్లకు పరికిణీలు. 1997లో ఉన్నత పాఠశాల దూరమైందని వాడికి సైకిలు. మరుసటి ఏడు సంక్రాంతికి పది రోజుల ముందు వాడి దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది. "మామయ్యగారికి నమస్కారములు. ఈ పండుగకు నాకేమీ తేవద్దు. చెల్లికి మాత్రం తీసుకురండి." వాడికి అప్పుడు పధ్నాలుగో ఏడు. నేను సంచిలో వాడికి ఒక చొక్కా పెట్టుకునే వెళ్ళాను. తీసుకున్నాడు, వద్దనలేదు. మెడపట్టీకి గుచ్చిన చీటీని తీసి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి పిల్లలు పడుకున్న తరువాత చెల్లెలు వంటింట్లో నాకొక నోటుపుస్తకం చూపించింది. "అన్నయ్యా, వీడు ఏం చేస్తున్నాడో చూడు" అన్నది. మొదటి పేజీ తలకట్టున "మామయ్యకు బాకీ" అని గుండ్రని అక్షరాలతో రాసి ఉన్నది. కింద వరుసగా సంవత్సరం, వస్తువు, వెల. రబ్బరు బంతికి ఎదుట "తెలియదు" అని ఉన్నది. చందమామ చందా ఉన్నది. చెల్లికి ఇచ్చిన పరికిణీలు కూడా వాడి ఖాతాలోనే ఉన్నాయి. సైకిలు, 1,540 రూపాయలు. ఆ రోజే ఇచ్చిన చొక్కా, 135. అడుగున గీత గీశాడు గాని, మొత్తం వేయలేదు.

చెల్లెలు కన్నీళ్ళు పెట్టుకున్నది. వాణ్ణి లేపి మందలిస్తానన్నది. ఎక్కడ తీసిందో అక్కడే పెట్టమని, చూసినట్లు వాడికి తెలియనివ్వవద్దని చెప్పాను. ఎందుకంటే, వాడు చేస్తున్నది కృతఘ్నత కాదు, పొగరు అసలే కాదు. తండ్రి లేని ఇంట్లో పెద్దకొడుకుగా తన లెక్క తాను రాసుకుంటున్నాడు. ఎదిగిన పిల్లవాడికి బహుమతి ఇవ్వడం ఎందుకు కష్టమో పుస్తకాలలో చాలా కారణాలు చెబుతారు. అభిరుచులు మారతాయని, స్నేహితుల ప్రభావం ఉంటుందని. అవన్నీ నిజమే కావచ్చు. నా మట్టుకు నాకు ఆ నోటుపుస్తకం ఒక్కటే కారణంగా కనిపించింది. వాడు వెల చూడటం నేర్చుకున్నాడు. ఇక నేను ఎంత మంచి వస్తువు తెస్తే వాడి బాకీ అంత పెరుగుతుంది.

తేవడం మానుకుందామా? అది ఇంకా చెడ్డ మాట. బాకీ ఉన్నదని మేనమామ కూడా ఒప్పుకున్నట్లవుతుంది. ఏడాదంతా ఈ సంగతి నా మనస్సులో ఉండిపోయింది.

మా నాన్నగారి చేతిగడియారం ఒకటి నా బల్లసొరుగులో ఉన్నది. హెచ్.ఎం.టి. వారిది, రోజూ తాళం తిప్పవలసిన రకం. ఆ సంస్థ 1961లో జపాను సిటిజెన్ వారి సహకారంతో బెంగుళూరులో గడియారాలు చేయడం మొదలుపెట్టింది. ఆ ఫ్యాక్టరీలను మూసివేయాలని 2016లో నిర్ణయం జరిగేదాకా, ఉద్యోగం వచ్చినా, పెళ్ళి కుదిరినా, పరీక్ష ప్యాసయినా మన ఇళ్ళలో ఇచ్చే వస్తువు అదే. నాన్నగారు దానిని 1966లో కొన్నారు. గవర్నరుపేటలో ఒక గడియారాల మేస్త్రీ దానిని విప్పి శుభ్రం చేసి, కొత్త తోలుపట్టీ వేసి ఇచ్చాడు. 1999 భోగినాడు దానిని చొక్కా జేబులోనుంచి తీసి మేనల్లుడికి ఇచ్చాను, సంచిలో పెట్టలేదు. "ఇది తాతయ్యదా?" అన్నాడు. అవునన్నాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

అంతకు వారం రోజుల ముందు వాడిని విజయవాడకు పిలిపించి, రెండు వందల రూపాయలు చేతిలో పెట్టి, "చెల్లికి ఏమి కొనాలో నాకు తెలియడం లేదు. నువ్వే చూడు" అన్నాను. అది ఉపాయం కోసం అన్న మాటే అయినా, నిజం కూడాను. పదేళ్ళు దాటిన ఆడపిల్లకు ఏమి కావాలో ఏడాదికి రెండు మూడుసార్లు చూసే మేనమామకు ఏమి తెలుస్తుంది? పుస్తక ప్రదర్శన అంతా మూడుసార్లు తిరిగాడు. ఒక్క పుస్తకమూ తీయలేదు. "దానికి పుస్తకాలు చాలా ఉన్నాయి మామయ్యా. సాయంత్రాలు గోడమీద కూర్చుని పక్కింటివాళ్ళ షటిల్ ఆట చూస్తూ ఉంటుంది. వాళ్ళు పిలవరు, దీని దగ్గర బ్యాటు లేదు" అన్నాడు. ఈ సంగతి వాళ్ళ అమ్మకు కూడా తెలియదు. ఆటసామానుల దుకాణానికి పోయి రెండు బ్యాట్లు కొన్నాడు. రెండెందుకని అడిగితే, ఇంత తెలివిలేని ప్రశ్న ఏమిటన్నట్లు చూసి, "ఒక్కటే అయితే ఎవరితో ఆడుతుంది?" అన్నాడు. మిగిలిన చిల్లర లెక్కపెట్టి నాకు తిరిగి ఇచ్చాడు.

ఆ తరువాత ఏటా పిల్లకు ఏమి కొనాలో వాడినే అడిగేవాణ్ణి. వాడికేమి కావాలో పిల్లను అడిగేవాణ్ణి. ఇంటర్మీడియెట్ చదివేటప్పుడు వాడికి రాత్రి చదువుకు బల్లదీపం కావాలని చెప్పింది ఆ పిల్లే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్న ఇళ్ళలో ఈ పద్ధతి ప్రయత్నించి చూడవచ్చు. తల్లిదండ్రులను అడిగితే అవసరాలు చెబుతారు. పిల్లవాడినే అడిగితే వెల చూసి చెబుతాడు.

నోటుపుస్తకం ఏమయిందో నేను అడగలేదు. గడియారానికి ఎదుట ఏమి రాశాడో, అసలు రాశాడో లేదో నాకు తెలియదు. 2006లో ఉద్యోగం వచ్చిన తరువాత మొదటి సంక్రాంతికి వాడే విజయవాడ వచ్చాడు, చేతిలో ఒక పెట్టె. కాలువగట్టు మీద నేను చెప్పులతోనే పొద్దున నడకకు పోతున్నానని ఎప్పుడు గమనించాడో, బూట్లు తెచ్చాడు. నా కొలతకు సరిగ్గా సరిపోయాయి. పెట్టె మీద వెల ఉండే చోట కాగితాన్ని గోటితో గీకి తీసివేశాడు.

ఇప్పుడు మేనమామ పదవి వాడిది. మేనకోడలు హైదరాబాదులో ఉన్నది; ఆమె కూతురు 2018లో పుట్టింది. మా కాలంలో లేని జాగ్రత్తలు వీళ్ళకు ఉన్నాయి, అది మంచిదే. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది; నమోదయిన చేతిపనివారి బొమ్మలకు, కొండపల్లి, ఏటికొప్పాకల వంటి భౌగోళిక గుర్తింపు పొందినవాటికి మినహాయింపు ఉన్నది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలలో విడి భాగం ఏదయినా 31.7 మిల్లీమీటర్ల వెడల్పు గల గొట్టంలో ఇమిడిపోతే అది పనికిరాదు, గొంతుకు అడ్డుపడుతుంది. బొత్తాము వంటి చిన్న బ్యాటరీలు మరీ ప్రమాదం. మింగితే గంటలలోనే అన్నవాహికను కాలుస్తాయి. ఆ పాపకు మూడేళ్ళు నిండేదాకా వాడు ప్రతి బొమ్మనూ తిరగేసి, బ్యాటరీ మూతకు మర ఉన్నదా లేదా అని చూసేవాడు.

ఒకటి రెండేళ్ళు బహుమతులను తపాలా సంస్థలవారి చేత నేరుగా హైదరాబాదుకు పంపించాడు. అవి పండుగకు నాలుగు రోజుల ముందే చేరేవి, వీడు వచ్చేసరికి పాతబడిపోయేవి. ఇప్పుడు బెంగుళూరులో తన ఇంటికే తెప్పించుకుని, సంచిలో పెట్టుకుని, రాత్రి బస్సులో మోసుకు వస్తున్నాడు. బరువెందుకురా అంటే నవ్వుతాడు.

కిందటి సంక్రాంతికి నేనూ అక్కడే ఉన్నాను. పాప సంచి వంక చూసింది, పెట్టె బయటికి తీసింది, విప్పబోతూ ఆగి, మూలనున్న చిన్న చీటీని వేలితో కూడబలుక్కుని పైకి చదివింది: "ఏడు వందల తొంభై తొమ్మిది." ఆ పిల్ల చదువు వచ్చిందని తల్లి మురిసిపోయింది. మేనల్లుడు తల తిప్పి నా వైపు చూశాడు. నేను కాఫీ తాగుతున్నాను.