జబ్బు పడని ఆరు పిచ్చుకలు

మంటకి కాస్త దగ్గరగా జరగండి. ఎర్రుపాలెంలో సంక్రాంతి ముందు చలి వణికించేంత ఉండదు గానీ, రాత్రి పొద్దుపోయాక మిరప కళ్లాల మీంచి వచ్చే గాలికి చెవులు చల్లబడతాయి. దోమలకి మాత్రం ఈ చలి ఒక లెక్కలోది కాదు. పొగలో కూడా వచ్చి కుడుతున్నాయి, చూశారా?

దోమ మాట వచ్చింది కాబట్టి పిచ్చుక సంగతి చెప్తాను. రెంటికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. అది మొదలైంది కూడా మన నిజాం రాజ్యంలోనే. ఈ ఊరూ అప్పట్లో ఆ ఇలాకాలోదేగా.

1897 ఆగస్టు 20. సికింద్రాబాదు పక్కన బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు ఒక దోమ కడుపు కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. అది హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ. కుట్టించుకున్నందుకు అతనికి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడట. కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి రేణువులు కనిపించాయి. ఆ నలుపే అసలు ఆనవాలు. మలేరియా క్రిమి నెత్తుటికి ఎరుపునిచ్చే పదార్థాన్ని తిని, అరగని ఇనుమును నల్లటి పొడిగా మిగుల్చుకుంటుంది. ఆ పొడి దోమ కడుపు గోడలో కనిపించిందంటే క్రిమి అక్కడ పెరుగుతోందన్నమాటే.

ఇంతవరకూ మన పిల్లల పాఠాల్లో ఉంది. మిగతా సగం పిచ్చుకలది. కొన్నాళ్లకే రాస్‌ను సికింద్రాబాదు నుంచి బదిలీ చేశారు. 1898లో ఆయన కలకత్తా చేరేసరికి అక్కడ రోగులు సరిగా దొరకలేదు. పిట్టలకీ మలేరియా వస్తుందని అప్పటికే తెలుసు కాబట్టి పిచ్చుకల్ని పంజరాల్లో పెట్టాడు. జబ్బు పిచ్చుకని కుట్టిన దోమల్ని ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల మీదికి వదిలాడు. క్రిమి దోమ కడుపులోంచి దాని లాలాజల గ్రంథుల్లోకి చేరుతుందనీ, కాటుతో పాటు కొత్త పిట్టలోకి దిగుతుందనీ అలా తేలింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరిట ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆ పిచ్చుకల పేరిట మాత్రం ఎక్కడా ఏమీ ఉన్నట్టు లేదు. నన్నడిగితే అది అన్యాయమే.

అసలు నేను చెప్పదలచుకున్నది ఆయన లెక్కలో ఒక మూల ఉంది. 28 ఆరోగ్యమైన పిచ్చుకల్ని దోమలకి అప్పగిస్తే 22 జబ్బుపడ్డాయి. రాస్‌కి కావలసింది ఆ ఇరవై రెండు. మరి మిగతా ఆరూ? దోమ సరిగా కుట్టలేదేమో, క్రిమి అందలేదేమో. లేదా ఆ పిచ్చుకలే దాన్ని లోపలికి రానిచ్చి మట్టుబెట్టాయేమో. ఈ మూడో మాటని పట్టుకుని, సుమారు వందేళ్ల తర్వాత పిట్టల శాస్త్రవేత్తలు చాలా దూరం వెళ్లారు.

వాళ్ల పని ఎలా ఉంటుందంటే, సన్నటి వల కట్టి పిట్టని పట్టుకుంటారు. రెక్క కింది నరంలోంచి ఒక చుక్క నెత్తురు తీసి, పిట్టని వదిలేస్తారు. ఆ చుక్కని గాజు పలక మీద పల్చగా పూసి రంగు వేసి చూడాలి. మన ఎర్రకణంలో కేంద్రకం ఉండదు. పిట్టది అలా కాదు. కోలగా ఉంటుంది, నట్టనడుమ ముదురు రంగు కేంద్రకం. కొన్ని జాతుల క్రిములు ఆ కేంద్రకం చుట్టూ చంద్రవంకలా వంగి పడుకుంటాయి. పిచ్చుకల్లో ఎక్కువగా దొరికే రకమేమో గుండ్రంగా ఉబ్బి, కేంద్రకాన్ని ఒక పక్కకి నెట్టేస్తుంది. రెంటి ఒంట్లోనూ ఆ నల్లపొడి చుక్కలే. మన దేశంలోనూ ఈ పని చేస్తున్నవాళ్లున్నారు. పడమటి కనుమల పిట్టల్లో ఈ క్రిముల్ని వెతికిన బృందంలో తిరుపతి ఐసర్‌కి చెందిన వి.వి. రాబిన్ ఒకరు. ఒకే జాతి పిట్టని అంటిపెట్టుకునే క్రిములూ, దొరికిన పిట్టనల్లా పట్టుకునేవీ, రెండు రకాలూ ఆ కొండల్లో దొరికాయి.

ఇక రక్షణ సంగతి. ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన లోపల ఏమేం ఉన్నాయో వాటి ముక్కలు కొన్ని పైకి తెచ్చి చూపిస్తుంది. దండెం మీద ఆరేసిన బట్టలు చూసి ఆ ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పెయ్యొచ్చు చూడండి, అలాగన్నమాట. కాపలా తిరిగే తెల్లకణాలు ఆ దండేన్ని చూస్తూ పోతాయి. తెలియని బట్ట కనిపించిందో, ఆ ఇంటి పని అయిపోయినట్టే. బట్టని పట్టి ఉంచే క్లిప్పుల్ని తయారుచేసే జన్యువుల గుంపుకే ఎం.హెచ్.సి. అని పేరు. కిటుకంతా క్లిప్పు ఆకారంలో ఉంది. ఒక్కో ఆకారానికి కొన్ని ముక్కలే దొరుకుతాయి, మిగతావి జారిపోతాయి. క్రిమి ముక్క జారిపోయిందంటే కాపలా వాడికి కనపడనట్టే. కాబట్టి క్లిప్పులు ఎక్కువ రకాలుంటే సాధారణంగా మేలు.

కోడికి ఈ క్లిప్పుల జన్యువులు చాలా తక్కువ. ముఖ్యమైనవి రెండే. అందుకని ఏ రకం జన్యువులు పుట్టుకతో వచ్చాయన్నదాని మీద కొన్ని కోళ్లు మారెక్ అనే కోళ్ల జబ్బుని తట్టుకుంటాయి, కొన్ని కుప్పకూలిపోతాయి. పాటలు పాడే పిట్టల్లో మాత్రం ఈ జన్యువులు కాపీ మీద కాపీ పెరిగిపోయాయి. ఒక్కో పిట్టలో పదుల రకాలు. వాటిని లెక్కపెట్టడమే చాలాకాలం పెద్ద తలనొప్పిగా ఉండేది.

ఫ్రాన్సులో కమీల్ బొన్నో, గాబ్రియేల్ సోర్సీ వాళ్లు ఊరపిచ్చుకల్నే తీసుకుని 2006లో ఒక సంగతి బయటపెట్టారు. ఒక చోట పిచ్చుకల్ని మలేరియా నుంచి కాపాడుతున్న జన్యు రకం ఒకటైతే, ఇంకో చోట కాపాడుతున్నది వేరేది. పేరు పిచ్చుకే, జబ్బూ మలేరియాయే, మందు మాత్రం ఊరిని బట్టి. రెండేళ్లకి ఇంకో మెలిక తెలిసింది. ఒకే జన్యు రకం ఒక మలేరియా క్రిమికి అడ్డం నిలబడుతూ, మరో మలేరియా క్రిమికి తలుపు తీస్తోంది! అందుకే ఏ రకమూ అంతటా గెలిచి, మిగతావాటిని తుడిచిపెట్టలేదు. ఒకటి బాగా ఎక్కువైందంటే, దాన్ని తప్పించుకునే క్రిమికి పంట పండినట్టే. అప్పుడు అరుదైన రకమున్న పిట్ట బతికి పిల్లల్ని కంటుంది. కొన్నాళ్లకి అదే ఎక్కువవుతుంది. క్రిమి మళ్లీ మొదలుపెడుతుంది. ఈ ఆటకి అంతు లేదు. స్వీడన్ చెరువుల రెల్లులో గూళ్లు కట్టే పిట్టల మీద హెలెనా వెస్టర్‌దాల్ ఏళ్ల తరబడి చేసిన పని కూడా ఇటే చూపిస్తుంది.

ఆట ఎప్పుడూ ఆడని పిట్టల గతి ఏమవుతుందో హవాయి దీవుల్లో చూడొచ్చు. అక్కడ దోమే ఉండేది కాదు. 1826 ప్రాంతంలో ఓడల నీళ్ల పీపాల్లో వచ్చిందంటారు. ఏ దోమో తెలుసా? మన మురిక్కాలవల్లో పుట్టి బోదకాలు తెచ్చే క్యూలెక్సే. కలకత్తాలో రాస్ పిచ్చుకల్ని కుట్టిందీ దాని జాతే. తర్వాత పిట్టల మలేరియా చేరింది. ఈవి అనే ఎర్రపిట్టని ఆ క్రిమి ఉన్న దోమతో ఒక్కసారి కుట్టిస్తే, పదింట తొమ్మిది చచ్చిపోయాయి. అడవుల్లో మిగిలిన ఈవి పిట్టలు చలికి దోమ ఎక్కలేని కొండలకే పరిమితమయ్యాయి. 2023లో అమెరికా ప్రభుత్వం ఇక లేవని తేల్చి జాబితాలోంచి తీసేసిన జాతుల్లో ఎనిమిది హవాయి పిట్టలే. అన్నీ దోమవల్లే పోయాయనను గానీ, దాని పాలు పెద్దది. అమాకిహి అనే పిట్ట మాత్రం పల్లంలోనే మలేరియాతో కాపురం చేయడం నేర్చుకుంది. క్రిమి ఒంట్లో ఉంటుంది, పిట్ట చావదు.

ఇంతకీ పిచ్చుక మలేరియా మనకొస్తుందా అని అడగబోతున్నారు. రాదు. పిచ్చుకల కోసం చూర్లో వరికంకుల కుచ్చు నిశ్చింతగా కట్టుకోండి.

మనుషుల మలేరియా మాత్రం మనుషుల మీద ఇలాంటి గుర్తే వదిలింది. అదీ మనకి దగ్గర్లోనే. ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం ఏజెన్సీలోకి వెళ్తే కోయ గూడేల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ఆ బిడ్డకి ప్రాణం తీసే మలేరియా నుంచి చాలావరకు రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవలిలా వంగి, ఒళ్లంతా నొప్పులు, రక్తహీనత, ఆయుష్షు తరుగు. అడవుల్లో మలేరియా తరతరాలు ఏలినందువల్లే ఈ జన్యువు పోకుండా నిలిచింది. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఇప్పుడు దీనికి పరీక్షలు చేస్తున్నారు. ఒక చుక్క నెత్తురు చాలు. ఏజెన్సీ వైపు పెళ్లి మాటలు నడుస్తున్న ఇల్లేదైనా మీకు తెలిస్తే, ఆ చుక్క ముందే ఇచ్చి రమ్మనండి. ముహూర్తం ఎలాగూ పెద్దలు చూసుకుంటారు.